ఉత్తరం మధ్యలో ఒక్క లైను

2022 జనవరి 1, రాత్రి ఒంటిగంట కావస్తోంది. ముప్పై ఒకటి రాత్రి ఆరాధన అయిపోయింది, కేకు పంచారు, అందరం వరసలో నిలబడ్డాం. పాస్టరుగారి ముందు ఒక ట్రే, అందులో బోర్లా పెట్టిన వాగ్దాన కార్డులు. తెలుగు చర్చికి వెళ్లేవాళ్లకు ఇదంతా చెప్పనక్కర్లేదు. ప్రార్థన చేసుకుని ఒక కార్డు తీస్తాం. దాని మీద ఏ వచనం ఉంటే అదే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట.

నాకు యిర్మీయా 29:11 వచ్చింది. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును, రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు."

ఆ రోజుల్లో నా ప్రార్థన అంతా ఒకటే, అమెరికా. మార్చిలో హెచ్-1బీ వీసా లాటరీకి నా పేరు ఇస్తామని కంపెనీ చెప్పింది. ఇంకేం కావాలి? రాబోవు కాలం అంటే మార్చి. సమాధానం అంటే లాటరీ నుంచి వచ్చే జవాబు. నవ్వకండి, నిజంగా అలాగే చదువుకున్నాను. కార్డుని ల్యాప్‌టాప్ మూత మీద అంటించాను. ఫిబ్రవరిలో గృహ ప్రార్థన కూటంలో లేచి, రాని వీసాకి ముందే, దేవుడు ఇచ్చేశాడని అందరి ముందూ సాక్ష్యం కూడా చెప్పేశాను.

ఆ మార్చిలో నా పేరు రాలేదు. 2023లో మళ్లీ వేశారు. ఆ ఏడాది ఉన్నవి 85,000 వీసాలైతే ఏడున్నర లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. అప్పుడూ రాలేదు. నాకు కోపం లాటరీ మీద రాలేదు, మాట ఇచ్చినవాడి మీద వచ్చింది. కార్డు పీకేశాను. మూత మీద జిగురు మరక మాత్రం పోలేదు. రెండు నెలలు చర్చికి పోలేదు. మా ఆవిడ అడిగితే ఆఫీసు పని అన్నాను.

మా మేనమామ బాపట్ల వైపు సబ్ పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ మే నెలలో కంటి ఆపరేషన్ కోసం హైదరాబాద్ వచ్చి మా ఇంట్లో పది రోజులున్నాడు. అమ్మ ఆయనకు నా సంగతి చెప్పేసినట్టుంది. ఒక సాయంత్రం నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని, "ఏదిరా, ఆ వచనం ఒకసారి చెప్పు" అన్నాడు. చెప్పాను.

"అది ఉత్తరంలో మాట కదరా. ఉత్తరం మొత్తం చదివావా?"

"ఉత్తరమా?"

సండే స్కూల్లో మెడల్స్ తీసుకున్నవాణ్ణి నేను. వచనం నంబరుతో సహా చెప్పగలను. అది ఒక ఉత్తరంలోదని నిజంగా తెలియదు.

మావయ్య తన సర్వీసు మొదట్లో సంగతి చెప్పాడు. చదువురాని ఒక పెద్దాయన ఉండేవాడట. కొడుకు ఎక్కడో కాంట్రాక్టు పనిలో ఉండి నెలకో ఉత్తరం రాసేవాడు. ఆయన దాన్ని తెచ్చి ఈయన చేతిలో పెట్టి, "అంతా ఎందుకులే బాబూ, డబ్బులెప్పుడు పంపుతాడో ఆ ముక్క చదువు చాలు" అనేవాడట. కొడుకు రాసింది నాలుగు పేజీలు. ఆ ముక్క ఎప్పుడూ చివరి పేజీలో ఉండేది. "నేను తమరిలాంటి వాళ్లను చాలామందిని చూశానురా" అన్నాడు మావయ్య.

ఆ రాత్రి యిర్మీయా 29 మొదటి వచనం నుంచి చదివాను. యెరూషలేము నుంచి యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. ఎవరికంటే, బబులోను రాజు నెబుకద్నెజరు చెరపట్టుకుపోయిన జనానికి. సొంత ఊళ్లు పోయినవాళ్లు, ఎప్పుడెప్పుడు తిరిగి వెళ్దామా అని మూట సర్దుకుని కూర్చున్నవాళ్లు. వాళ్లకు రాసిన మొదటి మాటేమిటో తెలుసా? "ఇండ్లు కట్టుకొని వాటిలో నివసించుడి." తోటలు నాటుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లల్ని కనండి, మిమ్మల్ని పట్టుకెళ్లిన ఆ పట్నం బాగు కోసమే ప్రార్థన చేయండి అన్నాడు. ఆ తర్వాత పదో వచనంలో అసలు విషయం ఉంది. డెబ్బై ఏళ్లు. నా కార్డు మీది వచనం దాని వెంటనే వస్తుంది. అంటే ఆ ఉత్తరం చేతికి అందిన నలభై ఏళ్ల మనిషి ఇక తిరిగి వెళ్లడు. అతను పోయేది బబులోనులోనే. అతనికి చెప్పిన సమాధానకరమైన ఉద్దేశం అది.

ఇంకో అధ్యాయం వెనక్కి వెళ్లాను. అక్కడ హనన్యా అనే ప్రవక్త గుడిలో, అందరి ముందూ, రెండేళ్లలో అంతా తిరిగి వచ్చేస్తుందని చెబుతాడు. బబులోనుకు లొంగి ఉండాలన్న గుర్తుగా యిర్మీయా మెడలో వేసుకున్న కాడిని తీసి విరిచేస్తాడు కూడా. జనానికి ఆ మాట ఎంత తియ్యగా ఉండి ఉంటుందో ఆలోచించండి. అది అబద్ధమని యిర్మీయా తేల్చాడు. హనన్యా ఆ ఏడాదే చనిపోయాడు. రెండేళ్లు! నేనూ సరిగ్గా రెండు లాటరీలే చూసి దేవుడి మీద అలిగాను. చేతిలో యిర్మీయా కార్డు పెట్టుకుని ఇన్నాళ్లూ నమ్మింది హనన్యా మాటని.

మన తెలుగు బైబిల్లో మాటలు కూడా నాకు తగిన శాస్తి చేశాయి. నిరీక్షణ అంటే అక్కడ ఆశ అని అర్థం, అది చిన్నప్పుడే నేర్పారు. బయట మనం అదే మాటను ఎదురుచూడటానికి వాడతాం. డెబ్బై ఏళ్ల ఉత్తరంలో ఆ రెండు అర్థాలకీ తేడా ఏముంది? ఇక సమాధానం. పట్నం క్షేమం కోరమన్న ఏడో వచనంలోని క్షేమం, నా కార్డు మీది సమాధానం, హెబ్రీలో రెండూ ఒకే మాట, షాలోమ్, అంటే శాంతి, క్షేమం. నాకు కావలసిన జవాబుకీ దానికీ ఏ సంబంధమూ లేదు.

అప్పటికి మియాపూర్‌లో అద్దె ఇంట్లో నాలుగేళ్ల నుంచి ఉంటున్నాం. మంచం కొనలేదు, ఎలాగూ వెళ్లిపోతాం కదా అని నేల మీద పరుపే. కిటికీలకు పాత చీరలు కట్టాం. బీరువా సంగతి మా ఆవిడ అడగడమే మానేసింది. మావయ్య వెళ్లిన తర్వాతి ఆదివారం మంచం కొన్నాం. మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ల గొడవ ఒకటి ఎప్పుడూ ఉండేది. మీటింగ్‌కి పిలిస్తే నేను తలుపు తీసేవాణ్ణి కాదు. ఈసారి వెళ్లాను. వెళ్లినందుకు లెక్కలు రాసే పని నా నెత్తిన పడింది, అది వేరే సంగతి.

మావయ్య వెళ్తూ వెళ్తూ ఒక పద్ధతి చెప్పాడు. పుస్తకం మొదలుపెడితే మొదటి నుంచి చివరికి చదవాలి. బైబిల్లో పత్రికలంటే ఉత్తరాలే, చిన్నవైతే ఒక్కసారి కూర్చుని ముగించాలి. ముందు ప్రసంగాలు వినకూడదు, యూట్యూబ్ చూడకూడదు. "ఇంకోటి. నచ్చిన చోట గీత గియ్యకు. ఒళ్లు మండిన చోట గియ్యి."

నా పాత బైబిల్ తెరిచి చూసుకుంటే పచ్చ, పసుపు రంగులే. ఆశీర్వదిస్తాను, తోడుంటాను, హెచ్చిస్తాను అన్నవన్నీ మెరుస్తున్నాయి. మధ్యలో పేజీలకు పేజీలు తెల్లగా ఉన్నాయి. కొత్త బైబిల్ ఒకటి, పెన్సిల్ ఒకటి తెచ్చుకున్నాను. మొత్తం 1,189 అధ్యాయాలు, రోజుకి మూడు నాలుగు చదివితే ఏడాదిలో అయిపోతాయి. నాకు ఏడాదిన్నర పట్టింది. సంఖ్యాకాండంలో గోత్రాల లెక్కలు దాటేశాను, ఒప్పుకుంటున్నాను.

వచనాల నంబర్లు రాసినవాళ్లు వేసినవి కావట. కొత్త నిబంధనకు ఇప్పుడున్న నంబర్లు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. వెతుక్కోవడానికి సులువే. కార్డుగా కోసుకోవడానికీ సులువే. నా బండి మీద "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని స్టిక్కర్ ఉండేది. ఫిలిప్పీ పత్రిక నాలుగే అధ్యాయాలు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. దాన్ని పౌలు బంధకాల్లో, అంటే ఖైదులో, ఉండి రాస్తున్నాడు. ఆకలితో ఉండటం నేర్చుకున్నాను, లేమిలో ఉండటం నేర్చుకున్నాను అని చెప్పి, దానికి ఈ మాట అంటాడు. నేను ఆ స్టిక్కర్ వేయించింది ప్రమోషన్ కోసం.

యిర్మీయా 36 దగ్గర చాలాసేపు ఆగిపోయాను. యెహోయాకీము రాజు చలికాలం ఇంట్లో కుంపటి ముందు కూర్చుని ఉంటాడు. యిర్మీయా చెప్పగా బారూకు రాసిన గ్రంథపు చుట్టను తెచ్చి చదువుతుంటారు. మూడు నాలుగు పుటలు కాగానే రాజు చాకుతో ఆ ముక్క కోసి కుంపటిలో వేస్తుంటాడు. అలా మొత్తం కాల్చేస్తాడు. ఆయన నచ్చనివి కోసి కాల్చాడు. నేను నచ్చినవి కోసి అంటించుకున్నాను. నా చేతిలోనూ చాకే ఉంది.

ఇంతవరకూ బాగానే ఉంది. వీసా పోతే పోయింది, మంచం వచ్చింది. అసలు కష్టం ఆ ఏడాది డిసెంబర్‌లో మా చెల్లి రూపంలో ఇంటికొచ్చింది.

చెల్లి నర్సుగా చేస్తోంది. మా చర్చిలోనే కీబోర్డు వాయించే అబ్బాయిని పెళ్లి చేసుకుంటానంది. మేం మాలలం, వాళ్లు మాదిగలు. ఊరివాళ్ల లెక్కలో ఇద్దరమూ వెలివాడే. మాలో మాకు మాత్రం మధ్యలో ఒక గోడ ఉంది, అది తెలియనివాళ్లకు చెబితే నమ్మరు. ఒకే బెంచీ మీద కూర్చుంటాం, ఒకే రొట్టె విరుస్తాం, సంబంధం మాట వచ్చేసరికి ఎవరి గుమ్మం వాళ్లదే. నాన్న లేడు కాబట్టి మాట నాది. అమ్మ ఏడుస్తోంది. నేను పెద్దరికంగా గొంతు సవరించుకుని, "జోడు కుదరాలని బైబిల్లోనే ఉందమ్మా" అన్నాను.

చెల్లి లోపలికి వెళ్లి తన బైబిల్ తెచ్చింది. రెండో కొరింథీ 6:14 తీసి పైకి చదివింది. "మీరు అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి." ఆగింది. "అన్నయ్యా, అతను అవిశ్వాసా?"

వాళ్లది ఒంగోలు వైపు కుటుంబం. గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మాల కాలం నుంచి విశ్వాసులం అని వాళ్ల పెద్దవాళ్లు చెప్పుకుంటారు. మా తాత యేసుని నమ్ముకుంది ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి. ఇవన్నీ నాకు తెలుసు. ఏడు నెలల నుంచి వచనానికి ముందూ వెనకా చదవడం నేర్చుకుంటున్నవాణ్ణి, వచనం లోపలే ఒక మాట మింగేశాను. అది ఒప్పుకోకుండా నేనన్న మాట ఇది: "నాకే వాక్యం చెప్పేంతదానివయ్యావా?"

ఆ వారం నేను చదువుతున్నది యాకోబు పత్రిక. కావాలని ఎంచుకోలేదు, వరసలో వచ్చింది. రెండో అధ్యాయం మొదట్లోనే, క్రీస్తుని గూర్చిన విశ్వాసం విషయంలో "మోమాటముగలవారై యుండకుడి" అని ఉంది. మోమాటం అంటే మొహమాటం, సిగ్గుపడకుండా సువార్త చెప్పాలన్నమాట అని నా చిన్నప్పటి లెక్క. ఒకసారి యూత్ మీటింగ్‌లో దీని మీద పావుగంట మాట్లాడాను కూడా. ఈసారి కింద దాకా చదివాను. సమాజ మందిరంలోకి బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాడు వస్తే అక్కడ నిలబడమంటారు మీరు అంటాడు యాకోబు. ఇది సిగ్గు సంగతి కాదు. మోమాటమంటే ఇక్కడ ముఖం చూసి మనిషికో తీరుగా ఉండటం. గ్రీకులో ఉన్న మాటలో కూడా ముఖమే ఉందట. ఆ అధ్యాయం పక్కన పెన్సిల్ గీత ఎంత గట్టిగా గీశానో, అవతలి పేజీకి అచ్చు పడింది.

తర్వాత సంఖ్యాకాండం 12 గుర్తొచ్చింది. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్లి చేసుకున్నందుకు మిర్యాము, అహరోను అతనికి విరోధంగా మాట్లాడతారు. సొంత అక్క! మిర్యాముకు కుష్ఠు వస్తుంది, ఏడు రోజులు పాళెం బయట ఉంటుంది. నాకు ఒళ్లు జలదరించింది. రాత్రి పదకొండింటికి మావయ్యకు ఫోన్ చేసి, దొరికింది, ఇదే నాకు జవాబు, చెల్లికి అడ్డు చెప్పను అన్నాను.

ఆయన మెచ్చుకుంటాడనుకున్నాను. "మొత్తం చదువు" అన్నాడు. "అక్కడ దేవుడికి కోపం వచ్చింది వాళ్లు పెళ్లి గురించి మాట్లాడినందుకని రాసుందా? మోషేతోనేనా, మాతో మాట్లాడలేదా అన్నారు చూడు, దానికి కదా జవాబిచ్చాడు. నీ వైపు మొగ్గింది కదా అని దీన్ని కూడా కార్డు చెయ్యకు."

ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. మంచి పక్షాన ఉన్నప్పుడు కూడా నా చెయ్యి అలవాటుగా చాకు వైపే వెళ్తోంది. ఇంతకీ మావయ్య ఏ పక్షాన ఉన్నాడో చెప్పనేలేదు. రెండు రోజులాగి నేనే అడిగాను, నువ్వేమంటావు అని.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నాకూ ఇష్టం లేదురా. పుట్టిన కాడి నుంచీ నరాల్లో ఉంది ఇది. కానీ నాకిష్టం లేదన్న మాటకి తోడుగా నిలబెట్టడానికి ఒక్క వచనం దొరకట్లేదు. వారం నుంచి వెతుకుతున్నాను."

ఆ మాట తర్వాత మా ఇంట్లో ఎవరూ బైబిల్ పేరు చెప్పి ఆ పెళ్లికి అడ్డు చెప్పలేదు. వేరే పేర్లతో చెప్పారు. చుట్టాలు, ఊరు, ఖర్చు, జాతకాల్లాంటి మాటలు కూడా. కనీసం ఎవరి పేరు మీద మాట్లాడుతున్నామో తెలిసింది. నేను మాత్రం చెల్లికి క్షమాపణ చెప్పుకున్నాను, వచనం విషయంలోనూ, ఆ తర్వాతి మాట విషయంలోనూ.

ఆ రోజుల్లోనే అబ్బాయి వాళ్ల నాన్న నాకు అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి సంగతి చెప్పారు. 1860ల చివర్లో ఒంగోలులో పెద్దకులాల వాళ్లు కొందరు క్రైస్తవంలోకి వస్తామన్నారు, అయితే మాదిగల్ని చేర్చుకుంటే రామన్నారు. దొరకు ఏం చేయాలో తోచలేదు. బైబిల్ తీస్తే మొదటి కొరింథీ 1:26 దగ్గర తెరుచుకుంది, గొప్ప వంశంవాళ్లు ఎక్కువమంది పిలవబడలేదు అన్న చోట. అదే సమయానికి ఇంట్లో వేరే గదిలో ఆయన భార్య కూడా అదే చోటు చదివిందట. దొర మాదిగల వైపు నిలబడ్డాడు. 1878 జులై 3న, ఒక్కరోజే, గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నేను నవ్వాపుకోలేక, "అది కూడా కార్డు తీసినట్టే కదండీ" అన్నాను. ఆయన కూడా నవ్వి, "తనకు నష్టం వచ్చే కార్డు తీశాడు బాబూ" అన్నారు. ఆ తేడా గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

2024 మేలో పెళ్లయింది. మావయ్య వచ్చాడు, ముందు వరసలో కూర్చున్నాడు, భోజనం చేశాడు. అమ్మ వచ్చింది, అక్షింతలు వేసింది, భోజనాల దగ్గర మాత్రం షుగరు అని మజ్జిగ తాగి లేచింది. గలతీ రెండో అధ్యాయంలో పేతురు యూదులు కాని అన్యజనులతో తింటూ తింటూ, యాకోబు మనుషులు రాగానే పక్కకు జరిగాడు, పౌలు ముఖం మీదే అడిగాడు. నాకు అది గుర్తొచ్చింది. అమ్మని అడగలేదు. పౌలంత ధైర్యం నాకు లేదు, పైగా మొన్న డిసెంబర్ దాకా నేనూ ఆ పక్కనే ఉన్నాను.

అమెరికా అంటే ఇప్పటికీ ఇష్టమే. కంపెనీ మళ్లీ పేరు ఇస్తే వద్దనను. కార్డు మాత్రం అంటించను.

మొన్న సంక్రాంతి తర్వాత చెల్లీ అతనూ ఎల్బీ నగర్ వైపు చిన్న ఎలక్ట్రికల్ షాపు పెట్టారు. ప్రారంభ ప్రార్థనకు అమ్మ న్యూస్‌పేపర్లో చుట్టిన ప్యాకెట్ ఒకటి పట్టుకొచ్చింది. పెళ్లయ్యాక వాళ్లకు అమ్మ తన చేత్తో ఇచ్చిన మొదటి వస్తువు అది. విప్పితే ఫ్రేము కట్టించిన వచనం. యోబు 8:7. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు."

మీరు కూడా ఈ వచనాన్ని ఎన్నో షాపుల్లో చూసి ఉంటారు. నేను సరిగ్గా అప్పుడే యోబు గ్రంథంలో ఉన్నాను. ఈ మాట దేవుడిది కాదు, యోబు స్నేహితుల్లో ఒకడైన బిల్దదుది. పిల్లల్ని పోగొట్టుకున్న యోబుతో, నీ పిల్లలు పాపం చేశారు కాబట్టే పోయారు అన్న తర్వాత మూడు వచనాలకు ఈ మాట అంటాడు. గ్రంథం చివర్లో ఈ స్నేహితులు నా గురించి సరిగా మాట్లాడలేదని దేవుడు కోప్పడతాడు.

మావయ్య నా వైపు చూశాడు. ఆయనకూ తెలుసు. చెల్లి ఫ్రేముని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది, అమ్మ ఆ గోడా ఈ గోడా చూస్తూ, ఎక్కడ పెడితే అందరికీ కనపడుతుందా అని వెతుకుతోంది. "మేకు ఉందా?" అన్నాడు మావయ్య. ఎలక్ట్రికల్ షాపులో మేకులకేం తక్కువ? కౌంటర్ వెనక గోడకి, కాస్త ఎత్తుగా, నేనే కొట్టాను.

తర్వాత చెల్లి వాళ్లింట్లో భోజనాలు. అమ్మ కాస్త పప్పు వేసుకుంది.